దొర మడమ కింద కరక్కాయ

సోమవారం నాడు పుట్టాడు కనుక సోంబరు. కొండమీద పేరు పెట్టడానికి పంతులుతోనూ పంచాంగంతోనూ పనిలేదు. మనిషి పొట్టి, చేతులు మాత్రం మోకాళ్ళ దాకా ఉండేవి. మాట తక్కువ. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేవాడు, అడగనిదానికి అదీ లేదు. నాకు అలాంటి మనుషులంటే గౌరవం, ఎందుకంటే నా వల్ల కాదు ఆ పని.

చదువు అతనికి లేదు. నాకూ లేదు, రెండో క్లాసు పుస్తకం సగంలో ఉండగానే పెళ్ళి చేసి పంపేశారు. కానీ సోంబరు నేల చదివేవాడు. తడి మట్టిమీద ఒక గిట్ట గుర్తు చూసి, అది ఆడ దుప్పో మగ దుప్పో, నీళ్ళు తాగి వెళ్ళిందో తాగడానికి వెళ్ళిందో చెప్పేవాడు. పట్నంలో పెద్ద పరీక్షలు ప్యాసైన వాళ్ళను నేను తరువాత చాలామందిని చూశాను. వాళ్ళలో ఒక్కడు కూడా తన కాళ్ళ కింద ఏముందో చూసుకుని నడవలేదు.

మేము శృంగవరపుకోట వాళ్ళం. మా ఆయన రోడ్డు దొర దగ్గర వంటమనిషి. ఘాటు రోడ్డు వేయించడానికి వచ్చిన ఆ దొరకు డుంబ్రిగుడ దాపున, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున ఒక పెంకుటిల్లు ఇచ్చారు. దాన్నే అందరూ బంగళా అనేవారు. వెనక వంటపాకలో మేము. అది ప్రభవ నామ సంవత్సరం, నాకు పద్దెనిమిదేళ్ళు.

దొరకు ఒక ఆట ఉండేది. గోల్ఫు అంటారు. చివర ఇనుము బిగించిన పొడుగాటి కర్రతో తెల్లటి చిన్న బంతిని కొట్టడం, అది పడిన చోటికి నడవడం, మళ్ళీ కొట్టడం. చివరికి దాన్ని ఒక చిన్న గోతిలో పడెయ్యాలి. మొదటే చేత్తో తీసుకెళ్ళి గోతిలో వేస్తే పోయేదానికి ఇంత నడక ఎందుకు అన్నందుకు మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయనకు దొరను ఎవరైనా ఏమన్నా అంటే తన మీసం పీకినట్టు ఉండేది.

కొండలు తొలిచి రోడ్డు వేసే మనిషి, ఆ బంతిని మాత్రం కొట్టలేకపోయేవాడు. కర్ర బంతికి జానెడు వెనకే నేలకు తగిలేది. మట్టిపెళ్ళలు లేచేవి. ఎప్పుడైనా బంతి లేస్తే పక్కకు పోయి వెదురుపొదల్లో పడేది. సీమ నుంచి ఓడలో వచ్చిన రెండు డజన్ల బంతుల్లో నెల తిరిగేసరికి పది పోయాయి. అప్పుడు ఎవరో సోంబరు సంగతి చెప్పారు. అతను వచ్చిన మొదటి రోజే గడ్డి వంగిన తీరు చూసి, మిడతలు లేచిన చోటు చూసి, పోయినవాటిలో ఏడు తెచ్చి మెట్లమీద పెట్టాడు. దొర, ఊళ్ళనుంచి పనికి మనుషుల్ని పంపే ముఠాదారుకు కబురు పెట్టాడు: ఈ మనిషి రోడ్డు పనికి వద్దు, నాకు కావాలి అని.

ఆ మాట సోంబరుకు ఎంత విలువైనదో చెప్పాలి. ఆ రోజుల్లో ఘాటు రోడ్డుకు ఇంటికొక మనిషి వెట్టికి వెళ్ళాల్సిందే. నలభై రోజులు కొండ కిందే పడుకుని రాళ్ళు మొయ్యాలి. ఆశ్వయుజం వచ్చింది, కొండవాలు మీద సోంబరు చోడిచేను, అదే రాగిచేను, పండుకొస్తోంది. అడవిపందులు ఒక్క పూట చాలు, చేను దున్నేసి పోతాయి. మంచెమీద కాపలా ఉండాలి. పెళ్ళాం పేరు కనక, నెల బాలింత. ఆ చేను పోతే ఆ ఇంటికి ఏడాది అంబలి పోయినట్టే. దొర బంతులు ఏరుతున్నంతకాలం సోంబరు పొద్దున రెండు గంటలు బంగళా దగ్గర, మిగతా రోజంతా చేను దగ్గర. అలా నడుస్తోంది.

ఒక పొద్దున ఆట ముగించి దొర లోపలికి వెళ్ళాక, సోంబరు ఆయన నిలబడిన చోట గొంతుక్కూర్చుని నేల చూస్తున్నాడు. నేను గిన్నెలు తోముకుంటూ అడిగాను.

"ఏటన్నా, బంతి భూమిలోకి దిగిపోనాదేటి?"

"ఇటు రా సెల్లీ. ఈ అడుగు సూడు. కుడికాలి మడమ ఎంత లోతు దిగినాదో. ఎడమకాలు సూడు, పిట్ట వాలినట్టున్నాది."

"అయితే ఏటి?"

"దొరకి ఎడమ మోకాల్లో పాత దెబ్బున్నాది. ఆ కాలిని నమ్మడు. కొట్టినపుడు బరువు ముందుకి రావాల. ఈయన ఎనకే ఉండిపోతన్నాడు. అందుకే కర్ర బంతికంటే ముందు నేలని పొడుస్తన్నాది."

నేను నమ్మలేదు. మధ్యాహ్నం మా ఆయన్ని అడిగితే చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎడమ మోకాలి పక్కన గుండు దిగిన మచ్చున్నాది. జర్మనీ యుద్ధంలో తగిలినాదట. తానానికి నీళ్ళు తోడేవాణ్ణి గనక నాకు తెలుసు. నీకెవలు సెప్పినారే?"

"నేల సెప్పినాది" అన్నాను.

మర్నాడు సోంబరు ఆ మాట దొరతో చెప్పబోతుంటే నేనే వంటపాక వెనక్కి లాగాను. "నీకు మతి ఉందేటన్నా? బంతులు పొదల్లో పడుతున్నాయి గనక నువ్వు కావాల. తిన్నగా పోతే నిన్నెందుకు ఉంచుతాడు? నీ పందుల్ని నేను కాయాలేటి?"

ఆ సంగతి అతనికి అప్పటిదాకా తట్టలేదు. ముఖం అలాగే ఉంది గాని, చెవిలో పెట్టుకున్న చుట్ట తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. నాలుగు రోజులు నోరు విప్పలేదు. బంతులు ఏరాడు, తెచ్చాడు, వెళ్ళాడు.

అయిదో రోజు దొర ఆరుసార్లు కొట్టాడు. ఆరుసార్లూ మట్టే లేచింది. కర్ర విసిరేసి మా ఆయన్ని పిలిచాడు. మునిషీ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనది, కోపంలో కూడా వ్యాకరణం తప్పేది కాదు.

"పైడయ్యా, పున్నమ వరకు చూచెదను. పదింటిలో ఎనిమిది బంతులు ఈ గెడ్డను దాటవలెను. దాటనిచో ఈ కర్రలన్నియు నీ పొయ్యిలో పెట్టుము."

మా ఆయనకు లోలోపల సంతోషమే, పుల్లలన్నీ తడిసి ఉన్నాయి మరి. సోంబరు మాత్రం గెడ్డవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆట మానేస్తే బంతులు ఏరేవాడితో పనిలేదు. ఆట కుదిరినా పనిలేదు. ఎటు తిరిగినా ఘాటు రోడ్డే.

"ఏటి సేత్తావన్నా?"

"సెప్పేత్తాను. దెబ్బతిన్న దుప్పిలాగ రోజూ నా కళ్ళముందర అలా తూలతన్నాడు. సూసి ఊరుకుంటే కూడు దిగతన్నాది కాదు సెల్లీ."

చెప్పాడు. మోకాలి మాట ఎత్తేసరికి దొర ముఖం కందగడ్డ అయింది. "ఇది నా పాదము, నీ పుస్తకము కాదు!"

"పుస్తకమైతే నాకు రాదు దొరా. అడుగయితే వచ్చు."

మా ఆయన స్తంభం వెనక దాక్కున్నాడు. దొర వంగి, తన అడుగుల్లో కుడిదాంట్లో ఒక వేలు పెట్టాడు, ఎడమదాంట్లో ఒక వేలు పెట్టాడు. "ఏమి చేయవలెను?" అన్నాడు.

"ముందు జోళ్ళు ఇప్పాల."

ఆ పదిరోజులు నేను మరచిపోను. నా పొయ్యి బూడిద తీసుకెళ్ళి సోంబరు నేలమీద ఒక గీత పోశాడు. మొదటి రెండు రోజులు బంతే లేదు. దొర వట్టికాళ్ళతో నిలబడి గీత దగ్గర కర్ర తిప్పాలి. కర్ర గీత దాటాక ముందువైపు నేలను తాకాలి, గీతకు వెనక తాకితే బూడిద చెదిరి తెలిసిపోతుంది. సోంబరు పక్కన కూర్చుని ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క మాట చెప్పేవాడు. "ఎనక." "ఎనక." "ఎనక." ఎప్పుడో ఒకసారి "ముందు." అంతే. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. నలభై యాభై దెబ్బలయ్యేసరికి దొర చొక్కా పిండుకోవాల్సి వచ్చేది.

మూడో రోజు సోంబరు నడుముగుడ్డలోంచి ఒక ఎండు కరక్కాయ తీసి, దొర కుడి మడమ కింద పెట్టాడు. కొట్టే వేళకు మడమ లేచిందా, సరే. బరువు అక్కడే ఉండిపోయిందా, కరక్కాయ గరుకంచులు మాంసంలో దిగుతాయి. మొదటి దెబ్బకు దొర వేసిన కేకకు గెడ్డ అవతల మేకలు పరుగెత్తాయి.

"ఓరి నాయనో, మనందర్నీ జైల్లో పెడతారు" అన్నాడు మా ఆయన.

"ఎనక" అన్నాడు సోంబరు.

ఎడమకాలికి ధైర్యం రావాలని, దొర టీ తాగినంతసేపూ ఆ ఒక్క కాలిమీదే నిలబడాలన్నాడు. కొంగలా నిలబడ్డ దొరకు మా ఆయన కప్పు అందిస్తుంటే నేను నవ్వు ఆపుకోలేక చెంబు పట్టుకుని గెడ్డకు పోయాను. కానీ రోజురోజుకూ "ముందు" అన్న మాట ఎక్కువ వినపడసాగింది. ఏడోరోజు మడమకింద కరక్కాయ ఉన్న సంగతే దొర మరచిపోయాడు.

పున్నమ నాటి పొద్దున పది బంతులు వరసగా పెట్టారు. తొమ్మిది గెడ్డ దాటాయి. పదోది నీళ్ళల్లో పడితే సోంబరు రాళ్ళ సందులోంచి తీసుకొచ్చాడు. దొర టోపీ గాల్లోకి విసిరి, సోంబరుకు ఒక రేకుడబ్బా బిస్కట్లు ఇచ్చాడు. భోజనానికి కూర్చున్నప్పుడు మా ఆయనతో అన్నాడు: "ఇక బంతులు తిన్నగా పోవుచున్నవి. రేపటి నుండి నీవే ఏరి తెమ్ము." చెడ్డ మనిషి కాదు. తన కాలు బాగుపడిన సంతోషంలో ఎదుటివాడి కాలు ఎటు పోతుందో ఆలోచించలేదు, అంతే.

ఊళ్ళో కబుర్లు చాటే బారికి బుధు మర్నాడే వచ్చాడు. "సోంబరూ, నీ పేరు ఎక్కినాది. లచ్చివారం బయలెల్లాల. నలభై రోజులు."

నేను అంబలి పట్టుకుని చేను దగ్గరికి వెళ్ళేసరికి కనక మంచె కింద బిడ్డకు పాలిస్తోంది. చోడికంకులు అప్పుడే గోధుమరంగుకు తిరుగుతున్నాయి.

"సూసినావా అప్పా" అంది నాతో, మొగుడికి వినపడేట్టు. "దొర కాలు బాగుసేసినాడు, నా కంచం లాగేసినాడు. బిస్కట్లు తెచ్చినాడు, పందులకి ఎయ్యమని."

సోంబరు చేను చుట్టూ ముళ్ళకంప ఇంకో వరస కడుతూనే ఉన్నాడు. రెండు రోజుల్లో కట్టగలిగినంత.

బయలుదేరే ముందురోజు, బుధవారం పొద్దున ఒక్కసారి బంగళాకు వచ్చాడు. వెదురుపొదలో ఎప్పుడో పోయిన బంతి ఒకటి దొరికిందట, ఇచ్చిపోదామని. అప్పటికి దొర రెండు రోజులుగా జోళ్ళు తొడుక్కునే ఆడుతున్నాడు. బూడిద లేదు, కరక్కాయ లేదు. దెబ్బదెబ్బకూ మా ఆయన "శానా బాగున్నాది దొరగారూ" అంటున్నాడు. మట్టి లేచినా బాగుంది, పొదలో పడినా బాగుంది. ఆ మనిషి నోట్లోంచి దొర ముందు వేరే మాట రాదు.

సోంబరు వచ్చి నిలబడ్డాడు. దొర కొట్టాడు. మట్టిపెళ్ళ లేచింది.

"శానా బాగున్నాది" అన్నాడు మా ఆయన.

"ఎనక" అన్నాడు సోంబరు.

దొర ఇద్దరివైపూ చూశాడు. "మొన్న సరిగా నుండెను గదా!"

"మొన్న కరక్కాయ ఉన్నాది. కాలికి బుద్ది మూడు రోజులే దొరా, మళ్ళీ పాతదారి పట్టేస్తాది. నాను సిన్నప్పటినుంచీ బాణం ఏత్తన్నాను. ఇప్పటికీ పొద్దున్నే పది ఏత్తే గానీ సెయ్యి మాట ఇనదు. పదీ ఎక్కడ తగిలినాయో మా కనక సూసి సెప్పాల. నాకు నాను సూసుకుంటే అన్నీ బాగానే ఉంటాయి."

దొర మా ఆయనవైపు ఒక చూపు చూశాడు. మా ఆయన బంతులు ఏరే మిషతో వంగాడు.

"ఇంక ఎన్ని దినములు పట్టును?" అని అడిగాడు దొర.

సోంబరు తల ఎత్తి ఎదుటి కొండవాలు చూశాడు. అంత దూరం నుంచి కూడా చేను, దాని మధ్య మంచె, మంచె కింద ఎర్రకోక కనపడుతున్నాయి.

"సోడి కోత అయ్యేదాకా పడతాది" అన్నాడు.

దొర కూడా అటు చూశాడు. కొండలు కొలిచి బతికే మనిషి ఆయన, పండిన చేను కనపడకుండా ఉంటుందా? చాలాసేపు చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. మెట్టుమీద కూర్చుని జోళ్ళ తాళ్ళు విప్పుకున్నాడు. "రత్నాలూ, బూడిద తెమ్ము" అని కేకేశాడు. నా పేరు ఆయనకు తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

మధ్యాహ్నానికి ముఠాదారుకు చీటీ వెళ్ళింది. సోంబరు పేరు కొట్టేశారు. ఇరవై ఆరు రోజులు పొద్దున్నే వచ్చాడు, "ముందు", "ఎనక" అన్నాడు, చేనుకు వెళ్ళిపోయాడు. పందులు ఒక మూల తొక్కాయి గాని పంట నిలిచింది. కనక కోసింది, నేనూ రెండు రోజులు కొడవలి పట్టాను, వేళ్ళు కోసుకున్నాను. కళ్ళంలో చోళ్ళు కొట్టి, తూర్పారబట్టి, ఇంటికి చేర్చారు. ఏడాదికి సరిపడా ఉన్నాయో లేదోనని నేనడిగితే కనక గాదె మూత తీసి చూపించింది.

దొర క్రిస్మసుకు వాల్తేరు వెళ్ళి అక్కడి దొరలతో ఆడి వచ్చాడు. గెలిచాడో ఓడాడో మాకు చెప్పలేదు, మేము అడగలేదు.

కానీ అంతకుముందే, చోళ్ళు ఇంటికి చేరిన మర్నాడు, సోంబరు చిన్న మూట భుజాన వేసుకుని వంటపాక ముందునుంచి ఘాటు రోడ్డువైపు పోతున్నాడు. ఎవరూ పిలవలేదు. బుధు రాలేదు. నేను పరుగెత్తి దారికి అడ్డం నిలబడ్డాను.

"ఎక్కడికన్నా? దొర అడగనేదు, ముఠాదారు అడగనేదు. ఇంకో నెల ఇలాగే గడిపేయొచ్చు గదా."

"కోత అయ్యేదాకా అన్నాను" అన్నాడు సోంబరు. "అయిపోనాది."

నన్ను తప్పుకోమని చెయ్యి ఊపి, కొండ దిగిపోయాడు.