డైట్ డబ్బా, తాతయ్య, ఒక మడత కాజా

ముందుగా డాక్టర్లకు, డైటీషియన్లకు, సీసా వెనక ఉన్న సన్న అక్షరాలు కూడా వదలకుండా చదివే జిమ్ మిత్రులకు శిరసు వంచి క్షమాపణలు. డైట్ కూల్‌డ్రింక్ మంచిదా, మామూలుది మంచిదా అన్న మహా సమస్యను ఈ పోస్టులో శాశ్వతంగా తేల్చేసి మీ అందరి నోటి దగ్గర కూడు లాగేస్తున్నాను. మన్నించండి...

మా చిన్నప్పుడు... చిక్కడపల్లిలో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ కునుకు తీసేది. తాతయ్య చప్పుడు కాకుండా చొక్కా తొడుక్కుని "రారా, గాలికి వెళ్ళొద్దాం" అనేవారు. ఆ గాలి సందు చివరి కిరాణా కొట్లో, ఫ్రిజ్‌లో ఉండేది.

ఫ్రిజ్ పైఅర నాకు అందేది కాదు... తాతయ్య ఎత్తుకుని చూపించేవారు. ఒక గాజు సీసా, రెండు స్ట్రాలు. కొట్టు అరుగు మీద కూర్చుని తాగేసి, సీసా అక్కడే ఇచ్చేసి, మూతులు తుడుచుకుని బుద్ధిమంతుల్లా ఇంటికొచ్చేవాళ్ళం.

అంతలో నారాయణగూడ డాక్టరుగారు తాతయ్యకు షుగరుందన్నారు. కాఫీలో చక్కెర పోయింది. డబ్బాలో సున్నుండలు పోయాయి. తాతయ్య అన్నిటికీ తలూపారు. నాకు మాత్రం ఒకటే బెంగ... మా ఆదివారం గాలి కూడా పోతుందేమోనని.

నాన్నే ఆదుకున్నారు. సూపర్‌మార్కెట్ నుంచి వెండిరంగు డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది డైట్. చక్కెర అస్సలుండదు" అని ప్రకటించారు.

నాయనమ్మ ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. "చక్కెర లేకపోతే తియ్యగా ఎందుకుందిరా?"

ఇంత సూటి ప్రశ్న నేను డిగ్రీలో కూడా ఎదుర్కోలేదు.

"వేరే ఏదో కలుపుతారమ్మా," అన్నారు నాన్న.

"ఆ ఏదో మంచిదేనా?"

"చక్కెర కన్నా నయమట."

"ఎవరన్నారూ?"

"...డబ్బా మీద రాశారు."

ఇక లాభం లేదని మేడ మీద గదిలో కిరాయికుండే శ్రీశైలం అన్నను పిలిచాం. పాలమూరు వైపు పిల్లాడు, అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగు. లోకంలో ఏ సందేహాన్నైనా పరీక్ష ప్రశ్నగా మార్చేసేవాడు. డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జర ఆగుండ్రి అమ్మా. ఒకటో స్టేట్‌మెంటు, దీంట్ల చక్కెర లేదు. కరెక్టే. రెండోది, గందుకే ఇది ఆరోగ్యానికి మంచిది. గది మాత్రం చెప్పరాదు."

"అయితే మామూలుదే మంచిదంటావా నాయనా?"

"అయ్యో, గదైతే అసలే గాదు! పెద్దాయనకు షుగరుంది గదా."

"మరి జవాబేమిటి?"

"మంచినీళ్ళు. గానీ అది ఆప్షన్లల్ల ఇయ్యలే."

తాతయ్య ఆ ఒకటో స్టేట్‌మెంటు మాత్రం భద్రంగా దాచుకున్నారు. మిగతాది వినిపించలేదు.

ఆ వారం నుంచి మా గాలి కొత్త దారి పట్టింది. కొట్లో డైట్ డబ్బా తాగడం, అక్కణ్ణుంచి నేరుగా మిఠాయి దుకాణం. "అందులో తాగని చక్కెర మిగిలిపోయింది కదరా... అది ఇక్కడ వాడుకుందాం" అని మడత కాజా తీసుకునేవారు. కాజాతో నోరు మరీ తీపెక్కిందని ఇంకో డబ్బా. డబ్బా తాగారు కాబట్టి ఇంకో కాజా. లెక్కలో నాకెక్కడా తప్పు కనబడలేదు... నాకూ ఓ కాజా వచ్చేది మరి.

తర్వాతి పరీక్షలో షుగరు పెరిగింది. ఇల్లంతా డబ్బా మీద పడింది.

"నే చెప్పలా? ఆ ఏదో కలిపారే, అదే కొంప ముంచింది!" అంది నాయనమ్మ, డాక్టరుగారి ముందే.

డాక్టరుగారు తాతయ్య వైపు చూశారు. "దాంతో పాటు ఇంకేమైనా తింటున్నారా?"

తాతయ్య నన్ను చూశారు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"కాజా..." అన్నారు తాతయ్య, బోనులో నిలబడ్డవాడిలా.

"కాజానా! ఏవండీ, మీకేమైనా మతి ఉందా?"

డాక్టరుగారు నవ్వు ఆపుకున్నారు. "చక్కెర విషయంలో మామూలుదాని కన్నా మీకు డైట్ నయమేనండీ. అలాగని అది మందు కాదు, కాజాకి పర్మిషనూ కాదు. ఎప్పుడైనా సరదాకి ఒకటి తాగండి. దాహమేస్తే మాత్రం నీళ్ళే."

అంటే... నయమే కానీ మంచిది కాదు. తాగొచ్చు కానీ తాగక్కర్లేదు. నాకప్పుడు బుర్ర తిరిగింది, ఇప్పటికీ ఆగలేదు. ఇంటికొచ్చాక నాయనమ్మ తీర్పు మాత్రం స్పష్టంగా ఉంది. గాలికి వెళ్ళొచ్చు, నిమ్మసోడాతో సరి, చక్కెర లేకుండా. ఆదివారం బతికిపోయింది.

ఇప్పుడు ఆ అరుగు లేదు, గాజు సీసా లేదు. ఫ్రిజ్ నిండా డైట్, జీరో, లైట్... మా ఫ్రెండ్స్ అశోక్ నగర్ టీ కొట్టు దగ్గర నిలబడి, ఒకడు డైట్ విషమని వీడియో చూపిస్తాడు, ఇంకొకడు కాదని ఇంకో వీడియో చూపిస్తాడు. ఇద్దరూ చాయ్‌లో చక్కెర జర ఎక్కువే వేయించుకుంటారు.

తాతయ్యా నేనూ ఇప్పటికీ గాలికి వెళ్తాం. అప్పుడు ఫ్రిజ్‌లో ఏముందో కనబడక నేను ఆయన చంకెక్కేవాణ్ణి... ఇప్పుడు సీసా మీద ఏం రాశారో కనబడక ఆయన నా చేతికిస్తారు. మొన్న ఆదివారం రెండు సీసాలు ఇచ్చి, "చదువుకున్నవాడివి కదరా, ఏది మంచిదో చెప్పు" అన్నారు. నేను చాలాసేపు వివరించాను. ఆయన ఎంతో శ్రద్ధగా విని, "అయితే కాజా?" అన్నారు.

మీ ఇంట్లో ఇలాంటి కేసులకు జడ్జి ఎవరు? తీర్పులేమైనా గుర్తుంటే కింద రాయండి, మాకు అవసరం.

ఇక ఇంత శాస్త్రచర్చ చేసి నేను నిజంగా చేసిందేమిటంటే... రెండు సీసాలూ ఫ్రిజ్‌లో తిరిగి పెట్టేసి, ఒక్క కాజా కొని, రెండు ముక్కలు చేశాను. పెద్ద ముక్క నేనే తిన్నాను... పూర్తిగా ఆయన ఆరోగ్యం కోసం.