చావని బొమ్మ

కారుకు గీత పడిందని ఒకడు బస్సు డ్రైవర్‌ను నడిరోడ్డు మీదకు లాగి, ఇనుప రాడ్‌తో చితకబాదాడు. రెండు పళ్లు రాలాయి.

డ్రైవర్ ఇంటికొచ్చి, భార్య ఆడుతున్న వీడియో గేమ్ అందుకున్నాడు. లారీతో కార్లను నుజ్జునుజ్జు చేశాడు. పెట్రోల్ బంకును పేల్చేసి, వాచిన పెదవులతోనే పగలబడి నవ్వాడు. దారిన పోయే సూటువాణ్ని నెత్తురు కారేలా కొట్టి చంపాడు. కాసేపటికి వాడే ఫోన్ మాట్లాడుకుంటూ మళ్లీ వచ్చాడు. మళ్లీ చంపాడు. మళ్లీ వచ్చాడు.

"వీడు చావడేంటే?"

"బొమ్మండీ అది. ఎంత కొట్టినా దానికేం గుర్తుండదు."

అతను రిమోట్ పక్కన పడేసి చొక్కా తొడుక్కున్నాడు. ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి? ఆ కారువాడి మీదకేనా?"

"స్టేషన్‌కి. కారు నంబరు చూశాన్లే."

ఆమె కూడా చెప్పులు వేసుకుంది.