ఎదురు తొట్టి

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మించడమే నా అలవాటు. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు ఇంజను దగ్గర ఫిట్టరుగా పనిచేస్తూ, అన్నాల వేళ పదిమందిని పోగేసి, లేనివి ఉన్నట్టు చెప్పి వాళ్ల ముద్ద గొంతులో ఆపేవాణ్ణి. కాబట్టి ఇదీ కోతేనని మీరనుకోవచ్చు. అనుకోండి. నా పరువు పెంచే సంగతి మాత్రం ఇందులో ఒక్కటీ లేదు.

నాలుగేళ్ల కిందట ఆకివీడు దాకా రైల్లో వెళ్లి, అక్కణ్ణించి దోనె ఎక్కి, కొల్లేటి లంకలో మా అక్క ఉండే ఊరి తీర్థానికి వెళ్లాను. ఏటా వెళ్లేవాణ్ణే. అక్క ఇంటి అరుగు మీద నేను కూర్చుంటే చాలు, ఊళ్లోవాళ్లు చుట్టూ చేరేవారు. ఆ ఏడు ఒక్కరూ రాలేదు. తీర్థంలోకి రంగులరాట్నం వచ్చింది.

గుర్రాలు గుండ్రంగా తిరిగేది కాదు, నిలువుగా లేచేది. రెండు గుంజల మీద ఇరుసు, ఇరుసుకు అడ్డంగా దూలాలు, దూలాల కొసలకు నాలుగు చెక్క తొట్లు. ప్రతి తొట్టీ పైనున్న కమ్మీకి వేలాడుతుంది గనక చక్రం ఎలా తిరిగినా కూర్చున్నవాడు తలకిందులు కాడు. అసలు కిటుకంతా బరువులో ఉంది. ఎదురెదురు తొట్లు సరితూగితే ఒక్క మనిషి తిప్పేస్తాడు. ఒకవైపే బరువుంటే ఆ తొట్టి కిందికి జారి అక్కడే నిలుస్తుంది.

అందుకే రాట్నం నడిపే పోలయ్య, ఎవరెక్కినా “ఎదురెవరండీ?” అని కేకేసేవాడు. అంతే బరువున్న మనిషి ఎదురు తొట్టిలో కూర్చుంటే గాని దూలం మీద చెయ్యి వేసేవాడు కాదు. అతని భార్య అచ్చమ్మ ఇరుసుకు ఆముదం పోసేది.

నాకు కడుపు మండింది. గాజుల కొట్టు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లతో, భీమడోలులో ఈ రాట్నం మీంచే ఒకావిడ పడి చనిపోయిందని చెప్పాను. “ఎదురు తొట్టి ఖాళీగా ఎందుకుంచడో ఆలోచించారా? ఖాళీ కనబడితే ఆవిడొచ్చి కూర్చుంటుందమ్మా” అన్నాను.

మర్నాటికి రాట్నం దగ్గర కాకి కూడా వాలలేదు. మా అక్క అరుగు నిండిపోయింది.

మధ్యాహ్నం పోలయ్య నా దగ్గరికే వచ్చాడు. ఆ మాట పుట్టించింది నేనని అతనికి తెలియదు.

“ఏవండీ, మీ మాట ఊళ్లో చెల్లుతుందన్నారండీ. నా రాట్నం మీద ఎవరూ పోలేదండీ. భీమడోలు నేనసలు చూడనే లేదు. ఈ తీర్థాలే మాకు ఏడాది తిండి. మీరొక్క మాట చెప్పి పుణ్యం కట్టుకోండి” అన్నాడు.

అతను వెళ్లాక అక్క గుమ్మంలోంచి, “లేచి వెళ్లరా! ఆ దెయ్యాన్ని కన్న తల్లివి నువ్వేనని నాకు తెలీదనుకున్నావా?” అంది.

రాట్నం ఎక్కి, ఎదురు తొట్టి ఖాళీగా ఉంచి, అందరి ముందూ నిజం ఒప్పుకుందామని వెళ్లాను. ఎదురు బరువు లేకుండా ఒక్కణ్ణే లేపడం కష్టమన్నాడు పోలయ్య. భార్యాభర్తలు కలిసి తొయ్యమన్నాను. ఎండ ఇంకా తెల్లగానే ఉంది. జనం దూరంగా నిలబడి చూస్తున్నారు. అలవాటు కొద్దీ పోలయ్య, “ఎదురెవరండీ?” అని కేకేశాడు. ఎవరూ పలకలేదు.

ఇద్దరూ వంగి బలమంతా పెట్టి తోశారు. రాట్నం ఎంత తేలిగ్గా లేచిందంటే ఇద్దరూ ముందుకు తూలిపడ్డారు. మూడు చుట్లు తిరిగింది. వేగం తగ్గి, నా తొట్టి సరిగ్గా ఇరుసు ఎత్తున ఆగింది. నాకెదురుగా, నా ఎత్తులోనే, ఖాళీ తొట్టి.

అక్కడ అది ఆగకూడదు. పైన ఆగితే రాపిడి వల్ల అనుకోవచ్చు. పక్కన, నా బరువంతా కిందికి లాగే చోట, ఎదురు బరువు లేకుండా నిలవడమనేది ఉండదు. మిల్లు చక్రాలతో పాతికేళ్లు బతికినవాణ్ణి.

అరిచాను. “అబద్ధమండీ! నేనే కల్పించాను! చనిపోయినావిడ ఎవరూ లేరు!”

ఎదురు తొట్టి ఒక్కసారి ఊగింది, మనిషి దిగినప్పుడు ఊగినట్టు. మరుక్షణం నేను తొట్టితో సహా కిందికి పడిపోయాను. పోలయ్య దూలానికి అడ్డంగా చేతులు పెట్టి ఆపాడు. అరచేతుల చర్మం లేచిపోయింది.

అచ్చమ్మ కొంగు చింపి కట్టు కడుతూ నా వంక చూసింది. “మీ మాట నిజమే అనుకుంటామండీ. మరి దిగిందెవరు?”

ఇరుసు నేనే విప్పి చూశాను. ఎక్కడా పట్టేసిన గుర్తు లేదు. ఆముదం తడి ఆరలేదు. అదెలా జరిగిందో ఇవాళ్టికీ నాకు తెలియదు.

మర్నాడు తెల్లారకముందే వాళ్లు రాట్నం విప్పి దోనెల్లో వేసుకుని వెళ్లిపోయారు. తర్వాత ఏ తీర్థంలోనూ నాకు కనబడలేదు. ఊళ్లోవాళ్లు మాత్రం నన్ను మెచ్చుకున్నారు. పాపం, రాట్నంవాడి కూడు పోకూడదని నేరం నెత్తిన వేసుకుని నేను అబద్ధమాడానట. ఆ సాయంత్రం అరుగు మీద ఒక పెద్దాయన నా భుజం తట్టి, “ధర్మాత్ముడివయ్యా” అన్నాడు.

నేను కాదనలేదు.