అత్త ఏరిన నీలిరాళ్లు

మా మేనత్త చనిపోయింది. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున ఈ మాట ఆరుగురికి ఫోన్లో చెప్పాను. సాయంత్రం పెనుకొండలో ఆమెకు మట్టి ఇచ్చి వచ్చాక ఒకచోట టైపు చేశాను. ఎక్కడ టైపు చేశానో చెబితే మీలో కొందరు నవ్వుతారు. నవ్వండి, మొదట్లో ఆమె కూడా నవ్వింది. అది ఇంటర్నెట్‌లో నలుగురూ కలిసి ఆడే అంతరిక్షం ఆట. అందులో మా గుంపు చాట్‌లో "అత్త లేదు" అని రాశాను. తర్వాత నల్లచెరువులో శనక్కాయ పండించే ఒకాయన, నేనెప్పుడూ ముఖం చూడని మనిషి, "ఏ అత్తప్పా? మన అత్తేనా?" అని అడిగాడు. అవునని రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆట ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఆట పేరు మాత్రం చెప్పను, వాళ్లకు ఉత్తపుణ్యానికి ప్రచారం ఎందుకు. అందులో మనకొక బొమ్మ ఉంటుంది. హెల్మెట్ పెట్టుకుని నక్షత్రాల మధ్య తిరుగుతుంది. పెద్ద ఓడ కావాలంటే మనమే చేసుకోవాలి. ఓడకు రేకులు కావాలి, రేకులకు లోహం కావాలి, ఆ లోహం కరగాలంటే నీలిరాయి కావాలి. నీలిరాయి శూన్యంలో తేలే బండల్లో దొరుకుతుంది. నలభై బండలు పగలగొడితే ఒకదాంట్లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అలాంటివి మూడు వందలు పోగుచేస్తే ఒక ఓడ. నేను పగలంతా ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నట్లూ బోల్టులూ లెక్కపెడతాను. సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చకుండా, రాళ్లు లెక్కపెట్టేవాణ్ని. ఎగరడానికని వెళ్తే రాళ్లు కొట్టే కూలికి పెట్టుకున్నారు. పైగా దానికి నెలనెలా చందా మనమే కట్టాలి. ఆ కోపంలో మౌస్‌లు రెండు పగలగొట్టాను, ఆట మాత్రం మానలేదు.

అత్త కంటి ఆపరేషన్ కోసం పెనుకొండ నుంచి హిందూపురం వచ్చి నా దగ్గర దిగింది. పిల్లలు లేరు. మామా ఆమే దూది ఏకి పరుపులు కుట్టి బతికారు. మామ పోయాక చాలా ఏళ్లు ఆమె ఒక్కతే కుట్టింది. నా ఇంట్లో నేనూ ఒక్కణ్నే. నా భార్య ధర్మవరంలో పుట్టింటికి వెళ్లి మూడేళ్లు దాటింది, తర్వాత విడిపోయాం కూడా. ఆ అమ్మాయి సంచి సర్దుకున్న రోజు నేను ఈ గదిలోనే కూర్చుని రాళ్లు కొడుతున్నాను. వెళ్లొద్దని అనాలనుకున్నాను. అనలేదు.

కంటికట్టు విప్పిన నాలుగో రోజు అత్త వచ్చి నా వెనక నిలబడింది.

"పొద్దుగూకులూ ఏమి చేస్తాండావప్పా?"

"రాళ్లు కొడతాండా అత్తా."

"దేనికి?"

"బండి చేసేకి."

"బండెక్కి యాడికి పోతావు?"

నేను ఇంకో బండ కొట్టాను. ఆమె పడీపడీ నవ్వి, నవ్వు ఆగాక, కొంగు నడుముకు చెక్కుకుని "జరుగు, నేను కొడతా" అంది.

మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ తుడిచి, అందులో ఆమెకు వేరే బొమ్మ చేసిచ్చాను. పేరు ఏం పెట్టాలని అడిగితే "అత్త అని పెట్టు, ఇంగేముండాది" అంది. అలా ఆ నక్షత్రాల్లో ఎక్కడెక్కడివాళ్లకో ఆమె అత్త అయిపోయింది.

నా కోపం ఆమెకు అర్థమయ్యేది కాదు. జీవితమంతా దూదిలోంచి గింజా చెత్తా ఏరిన మనిషికి ఇది పనిలాగే అనిపించలేదు. నేను బండ బండకీ తిట్టుకునేవాణ్ని, ఆమె బండ బండకీ సర్దుకుని కూర్చునేది. "సగం కొట్టిన రాయిని ఇడిసిపెట్టగూడదప్పా" అనేది. "కంటితో ఎదికితే దొరకదు, చేత్తో ఎదకాల" అని కూడా అనేది. మౌస్ తప్ప చేతికి తగిలేదేమీ లేని చోట ఈ మాటకు అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు. అయినా నాకు ఒకటి దొరికేలోపు ఆమెకు మూడు దొరికేవి. నమాజు వేళకు బొమ్మను బండ చాటున నిలబెట్టి లేచి వెళ్లేది, ఎండ తగలకుండా అట. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పొయ్యి మీద బొరుగుల ఉగ్గాని, తెర మీద ఆ రోజు పని, రెండూ సిద్ధంగా ఉండేవి. ఎవరైనా నాకోసం ఎదురుచూసే ఇంటికి రావడం నేను అప్పటికే మరిచిపోయాను.

ఒకరోజు ఒక దొంగ ఓడ వచ్చి మా మీద పడింది. ఈ ఆటలో అది మామూలే, నువ్వు రోజంతా కొట్టిన రాళ్లు వాడు నిమిషంలో ఊడ్చుకుపోతాడు. నేను పారిపో అత్తా అని అరుస్తున్నాను. ఆమె మైకు దగ్గరికి లాక్కుని "ఏమబ్బా, తిన్నావా?" అని అడిగింది. అవతల కన్నడంలో ఏదో గొణుగుడు వినిపించింది. అంతే, ఆమె కూడా కన్నడంలోకి దిగింది. "ఏనప్పా, నాచికె ఆగల్వా?" అని మొదలుపెట్టి, ముసలిదాని కష్టం దోచుకోవడానికి సిగ్గు లేదా, మీ అమ్మ ఏ ఊరు, ఆమెకు ఈ సంగతి తెలుసా అని వరసగా అడిగింది. ఆ మనిషి తీసుకున్న రాళ్లన్నీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. మరుసటి వారం నుంచి ఆమె రాళ్లు కొడుతుంటే చుట్టూ కాపలా తిరిగేవాడు. ఆమె పోయిందని రాసినప్పుడు అతనూ వచ్చాడు, ఆ బండల చుట్టూ ఒకసారి కాపలా తిరిగి వెళ్లాడు.

కంట్లో వేసే చుక్కల మందు అయిపోయింది. అత్త సంచి సర్దుకుంది. పెనుకొండలో పక్కింటామె రోజూ ఫోన్ చేస్తోంది, అత్త మేక ఈనిందనీ, గోడ పక్క మునగ కాసిందనీ. నేను గుమ్మంలో నిలబడి "బండి అయ్యేదాకన్నా ఉండత్తా" అన్నాను.

ఆమె సంచి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "సరే. బండి అయినంక పోతా" అంది.

ఇక్కడి నుంచి చెప్పేది నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఇద్దరం కొట్టిన నీలిరాళ్లు ఒక ఉమ్మడి గిడ్డంగిలో వేసేవాళ్లం. ఒక శనివారం చూస్తే రెండు వందల ఎనభై ఎనిమిది ఉన్నాయి. ఇంకో పన్నెండు పడితే ఓడ, ఓడ అయితే అత్త పెనుకొండ బస్సు ఎక్కుతుంది. ఆమె అవతలి గదిలో నమాజులో ఉంది. నేను తొంభై రాళ్లు తీసి శూన్యంలో పారబోశాను. ఒక్కో రాయి కోసం మౌస్‌లు పగలగొట్టినవాణ్ని, తొంభై రాళ్లు చేజేతులా పారబోశాను. నీలం నీలంగా తిరుగుతూ చీకట్లోకి పోయాయి.

మరుసటి రోజు ఆమె అంకె చూసి "నిన్న ఎక్కువుండె కదప్పా?" అంది.

"అప్‌డేట్ వచ్చినాదత్తా. అందరివీ కోసినారు."

"అట్లనా" అంది. "పోనీలే, ఆకాశమంతా రాళ్లే కదా" అని మళ్లీ మౌస్ పట్టుకుంది.

తర్వాత నిజంగానే అప్‌డేట్ వచ్చింది, ఓడకు మూడు వందలు కాదు, నాలుగు వందలు కావాలన్నారు. గుంపులో అందరూ నోటికొచ్చినట్టు తిట్టారు. అందరికన్నా గట్టిగా నేను తిట్టాను, లోలోపల పండగ చేసుకున్నాను. ఎప్పుడు అంకె పైకి పోతే అప్పుడు కొన్ని పారబోయడం నాకు అలవాటైపోయింది. కొన్నాళ్లకు పెద్దగా పారబోయాల్సిన పని కూడా లేకపోయింది. అత్తకు రాళ్లు దొరకడం తగ్గింది. సాయంత్రం గిడ్డంగిలో వేస్తూ "ఈ పొద్దు మూడే దొరికినాయప్పా" అనేది, ఒక్కోరోజు రెండు. వయసు మీద పడింది, చెయ్యి నెమ్మదించింది అనుకున్నాను. అదీ నాకు మంచిదే అనుకున్నాను.

పెనుకొండలో దర్గా ఉరుసుకు వెళ్లాలంది. పొద్దున తీసుకెళ్లి సాయంత్రం బస్సుకు తిరిగి తీసుకొచ్చాను. ఆ ఒక్క పూటలో ఆమె ఇల్లు ఊడ్చింది, పరుపు ఎండలో వేసి కర్రతో బాదింది, మేకపిల్లను ఒళ్లో పెట్టుకుంది. పక్కింటామె "ఇంగ పోవద్దులేమ్మా" అని చెయ్యి పట్టుకుంటే నవ్వి ఊరుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొండ కనబడినంతసేపూ వెనక్కి తిరిగి చూసింది. కొండ మరుగైనాక అడిగింది.

"మనకింగా ఎన్ని గావాలప్పా?"

ఇంటి మీద బెంగ పెట్టుకుంది, రోజులు లెక్కపెట్టుకుంటోంది అనుకున్నాను. "శానా గావాలత్తా" అన్నాను. ఆమె తల ఊపి కళ్లు మూసుకుంది. ఇంటికి చేరిన వెంటనే నేను చేసిన మొదటి పని మరో యాభై రాళ్లు పారబోయడం.

పదకొండు నెలలు అలా గడిచాయి. ఆ శుక్రవారం పొద్దున టీ పెట్టి నాకిచ్చి, తన గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చుంది. గుండెలో ఏదో పట్టేసినట్టుంది అంది. ఆటో వచ్చేలోపే అయిపోయింది. తన ఊరికి తను పోవాలనుకున్న మనిషిని నేను ఒక అబద్ధపు ఓడ చూపించి కట్టేశాను, చివరికి ఆ ఊరికి అలా తీసుకెళ్లాను. మట్టి ఇస్తున్నప్పుడు పక్కింటామె నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

వారం తర్వాత ఆమె ఖాతా మూసేద్దామని పాత ల్యాప్‌టాప్ తెరిచాను. అత్త బొమ్మ ఒక పెద్ద బండ చాటున నిలబడి ఉంది. ఈ ఆటలో ఎవరి వీపుకు వాళ్ల సంచి ఉంటుంది. కొట్టిన రాళ్లు మొదట ఆ సంచిలో పడతాయి, అందులోంచి తీసి గిడ్డంగిలో వేస్తేనే మిగతావాళ్లకు కనబడతాయి. ఆమె సంచి నేనెప్పుడూ తెరవలేదు, కొంగుముడి విప్పి చూసినట్టు ఉంటుందని. ఆ రోజు తెరిచాను. లోపల నాలుగు వందల పన్నెండు నీలిరాళ్లు ఉన్నాయి.

రోజుకు మూడే దొరికాయన్న మనిషి సంచిలో ఓడకు సరిపడా రాళ్లు ఉన్నాయి. గిడ్డంగితో పని లేదు, నేను పారబోసినవాటితో పని లేదు. ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక్క నొక్కుతో ఓడ చేసి, సంచి సర్దుకుని, బస్సు ఎక్కి ఉండొచ్చు. మునగచెట్టు, మేకపిల్ల, ఎండకు ఆరిన పరుపు, అన్నీ ఆమెకోసం ఉన్నాయి. వాటన్నిటినీ అక్కడే ఉంచి, దొరికిన రాళ్లు నాకు కనబడకుండా దాచి, ఈడ నాతో కూర్చుంది. బస్సులో ఎన్ని కావాలని అడిగింది ఎందుకో నాకప్పుడు తెలిసింది. ఎన్ని దాచాలో చూసుకోవడానికి.

దీంతో నా తప్పు తగ్గిందని నేననుకోవడం లేదు, పెరిగింది. ఉండిపో అత్తా అని ఒక్క మాట నోరు తెరిచి అని ఉంటే ఆమె మేకను కూడా తెచ్చుకుని హాయిగా ఉండేది. నాకు ఆ మాట రాదు, ఎప్పుడూ రాలేదు. ఆమెకు నా సంగతి తెలుసు, అందుకే నేను అడగకుండానే ఉండిపోయింది. నలుగురు చదివే చోట ఇప్పుడు ఇది రాసుకుంటున్నది కూడా, మీ ఇంట్లో అలాంటి మాట ఎవరి గొంతులోనైనా ఆగిపోయి ఉంటే అనేయమని చెప్పడానికే.

ఖాతా మూయలేదు. పాత ల్యాప్‌టాప్ అలాగే తెరిచి ఉంచి, నా కంప్యూటర్లో నా బొమ్మను తీసుకుని ఆ బండ దగ్గరికి వెళ్లాను. చాలా దూరం, చిన్న ఓడలో పోతే అరగంట పడుతుంది. బండ వెనకనుంచి ఒక గ్రహం అంచు తెల్లగా పైకి వస్తోంది. ఈ ఆటలో ఎవరూ ఏ మీటా నొక్కకపోతే బొమ్మలు కొంతసేపు అటూ ఇటూ చూసి, నిలబడ్డ చోటే కింద కూర్చుంటాయి. అత్త బొమ్మ అప్పటికే కూర్చుని ఉంది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. నా బొమ్మను పక్కన నిలబెట్టి నేను కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాను. అది అటూ ఇటూ చూసింది. కొంతసేపటికి అదీ కూర్చుంది.