పేరంతా ఇసుక కుప్పకే

మా పై వాటాలో ఉండే డ్రైవరమ్మకు ఇంగ్లీషు పెద్దగా రాదు. ఎవరైనా మెచ్చుకున్నప్పుడు మాత్రం ఎక్కడలేని ఇంగ్లీషూ ముంచుకొస్తుంది. ఇరుకు సందులోంచి సిటీ బస్సును చిన్న గీత కూడా పడకుండా వెనక్కి తీస్తే, "నథింగ్ అండీ." కూర బాగుందంటే, "ఏదో, సింపుల్‌గా." డ్రైవింగ్ పరీక్షలో అందరికంటే ముందు నిలిచిన రోజున, "జస్ట్ లక్." ఆ మాటలే తెలుగులో అంటే అబద్ధం చెప్పినట్టుంటుందని కాబోలు.

ఒక మధ్యాహ్నం కిక్కిరిసిన బస్సు వంతెన దిగుతుండగా బ్రేకు పడలేదు. ఎదురుగా కూడలి, సిగ్నల్ దగ్గర ఆగిన బళ్లు. ఆమె గేరు తగ్గించి, హారన్ మీద చెయ్యి తీయకుండా, కొత్తగా కడుతున్న భవనం ముందున్న ఇసుక కుప్పలోకి బస్సును ఎక్కించేసింది. ఒకాయన కళ్లజోడు విరిగింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

విలేకరి పరుగున వచ్చి, అంతమందిని ఎలా కాపాడారని అడిగాడు.

"నథింగ్ సార్, జస్ట్ లక్."

పాపం, అతను నమ్మేశాడు. మర్నాడు పేపర్లో "అదృష్టమే కాపాడింది" అన్న శీర్షిక, దాని కింద ఇసుక కుప్ప ఫోటో పడ్డాయి. కుప్ప చాలా బాగా వచ్చింది.

డ్రైవరమ్మ అత్తగారికి ఒళ్లు మండిపోయింది. "ఇసుక కుప్ప నడిచొచ్చి బస్సు కింద పడుకుందా? నీ నోట్లో నాలుక లేదూ?"

"పోనీలెండి అత్తయ్యా, ఇట్స్ ఓకే."

"నాకు ఓకే కాదు!"

ఆ వారమే డిపోలో అభినందన సభ పెట్టారు. అత్తగారు ముందు వరుసలో కూర్చున్నారు. కోడలు మైకు అందుకుని "నథింగ్..." అని మొదలుపెట్టి, ఆవిడ చూపు చూసి ఆగిపోయింది. ఈసారి మెల్లగా, తెలుగులో చెప్పింది.

"చాలా భయమేసిందండి. బ్రేకు నొక్కితే ఉత్తినే కిందికి దిగిపోయింది. వెనకాల సీట్లలో పిల్లలున్నారు. ఇసుక కనిపించింది. అటు తిప్పాను. నేనే తిప్పాను."

ప్రమాదం జరిగిన రోజు రాని ఏడుపు ఆ మాటతో వచ్చేసింది.

ఇప్పుడు కథ అత్తగారి చేతిలో పడింది. మెట్ల మీద ఎవరు కనిపించినా ఆపి మరీ చెబుతున్నారు. మొన్న మా గుమ్మం దగ్గర చెప్పినప్పుడైతే బస్సు ఏకంగా గాల్లోకి లేచింది.

"లేవలేదు అత్తయ్యా, కాస్త ఒరిగిందంతే" అని దిద్ది, మిగతాది వినడానికి డ్రైవరమ్మ కూడా మెట్టు మీద చతికిలబడింది.