పెట్రోలు మూత మీద బొట్టు: నరసరావుపేట నుంచి గురజాలకు

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల మీదుగా గురజాలకు మోటార్ సైకిల్ మీద వెళ్లేవాళ్లకు దారి చెప్పడానికి ఇప్పుడు ఫోన్లున్నాయి. బండి నడిమధ్యలో మొరాయిస్తే ఏం చేయాలో చెప్పడానికి మాత్రం నాలాంటి ముసలిదాని అవసరం ఇంకా ఉంది. ఆ దారిన నేను మొదటిసారి వెళ్లింది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. గురజాలలో ఒక ఆడపిల్లల బడిలో నాకు పంతులమ్మ ఉద్యోగం ఇస్తామనీ, మర్నాడు మధ్యాహ్నం బడి గంటలోగా రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామనీ సాయంత్రం కబురొచ్చింది. రైలెక్కాలంటే గుంటూరు వెళ్లి చుట్టు తిరిగి రావాలి, అందదు. మిగిలింది మా ఆయన సైన్యం వేలంలో కొన్న మోటార్ సైకిల్.

తెల్లవారకముందే ఆయన రేషన్ కూపన్ల మీద తెచ్చిన పెట్రోలును పాత పంచెగుడ్డలో వడగట్టి పోశారు. చెయినుకు నూనె పట్టించారు, టైర్లు నొక్కి గాలి చూశారు. నాకు ఏనాడూ చేయని సేవలన్నీ దానికి చేసేవారు. బయల్దేరబోతుంటే మా అత్తగారు గిన్నెడు గంధం తెచ్చి, పెట్రోలు ట్యాంకు మూతకు దట్టంగా మెత్తి, మీద కుంకుమ పెట్టారు.

"దూరం పోతన్నారు. ఇల్లు చేరిందాకా చెరపమాకండి" అన్నారు.

నకరికల్లు దాకా బండి పువ్వులా నడిచింది. ఊరు దాటి కాస్త దూరం పోయాక దగ్గి ఆగిపోయింది. ఆయన మూత తీసి పెట్రోలు చూశారు, మూత బిగించారు, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దారు. కిక్కు కొడితే కదిలింది. "చూశావుటే, ప్లగ్గు మహిమ!" అన్నారు. కొన్ని మైళ్లకే మళ్లీ ఆగింది. మళ్లీ అదే పూజ, ఈసారి గంటకు పైనే. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దగ్గర, ఒక ఇడ్లీల పాక ఎదుట మూడోసారి ఆగేసరికి పదిన్నర దాటింది. నా ఉద్యోగం ఆ ప్లగ్గుతో పాటే అరిగిపోతోంది.

పాకలో ప్లేటు ఇడ్లీ అణా. తింటూ చూస్తున్నాను. ఆయన మూత తిప్పగానే ట్యాంకు 'సుయ్'మని గాలి పీల్చింది. మా ఇంట్లో నూనె డబ్బాకు ఒకటే చిల్లి పెడితే నూనె రాదు, గాలికి ఇంకో చిల్లి పెట్టాలి. మూతకూ అలాంటి చిల్లి ఉండాలి కదా!

"ఏమండీ, ప్లగ్గును వదిలేయండి. మీరు మూత తీసినప్పుడల్లా గాలి అందే బండి కదులుతోంది. అత్తయ్యగారి గంధం ఎండి గాలి చిల్లి పూడిపోయింది."

ఆయన ముఖం పాలిపోయింది. "చెరిపితే అమ్మ ఊరుకోదే."

ఇడ్లీలావిడ గరిటె వదిలేసి వచ్చింది. "అమ్మో! పెనిమిటితో పోతా పసుపు కుంకాలు చెరుపుతావేందమ్మా?"

"పెనిమిటి బతికే ఉన్నాడు పిన్నీ, చచ్చింది ఇంజను" అన్నాను.

అన్నానే గాని, మూత మీదికి చాచిన వేలు ఒకసారి వెనక్కి తీసుకున్నాను. ఆ రోజుల్లో బొట్టు చెరపడమంటే మాటలు కాదు. తడివేలితో కుంకుమ తీసి బండి ముందున్న దీపం మీద పెట్టాను. తర్వాత గంధం గీకి, పిన్నీసుతో చిల్లి పొడిచాను. గురజాల దాకా బండి మళ్లీ నోరెత్తలేదు. బడి గంట మోగుతుంటే గేటు దగ్గర దిగాను. ముఖమంతా దుమ్ముతో నిలబడితే పెద్ద పంతులమ్మ నవ్వి, హాజరు పట్టీలో సంతకం పెట్టించుకుంది.

సామాను తెచ్చుకుందామని పొద్దుగూకి ఇల్లు చేరాక అత్తగారు మూత చూశారు, దీపం చూశారు, నన్ను చూశారు. జరిగింది చెప్పాను. విని లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే మేం మళ్లీ గురజాలకు బయల్దేరబోతుంటే గంధం గిన్నెతో వచ్చి, దీపం మీద వేలు ఆనించి అడిగారు:

"ఈడైతే దానికి ఊపిరాడుద్దంటావా?"

ఆ బండీ లేదు, ఆయనా లేరు, ఆవిడా లేరు. అత్తాకోడళ్లం ఎన్నో విషయాల్లో పోట్లాడుకున్నాం గానీ, ఆ అడగడం గుర్తొస్తే ఇప్పటికీ కోపం రాదు. మీ బండి బాగా కదిలి కొన్ని మైళ్లకు ఆగుతుంటే, ప్లగ్గు జోలికి పోకముందు ట్యాంకు మూత తెరిచి చూడండి. గాలి పీల్చిన చప్పుడైతే చిల్లి శుభ్రం చేయండి.