జీపులో పొయ్యి ఎత్తు

ఆయన పేరు నేను అడగలేదు. రావులపాలెం బస్టాండులో కొత్త పంపు స్టవ్ ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. ఎందుకండీ అంటే, పాత జీపుకి అన్నారు. వెనక సీట్లు తీయించేసి పరుపు వేయించారట, దోమతెర కూడా కట్టించారట. భార్యతో మారేడుమిల్లి అడవికెళ్లి, రాత్రిళ్లు జీపులోనే పడుకుంటారట. స్టవ్ కోసం జీపు వెనక, కింద నిలబడి వండుకునేలా ఒక ఇనప బల్ల బిగించారట.

"ఇంత ఎత్తులోనండి," అంటూ లేచి నిలబడి, గుండెల కింద అరచేయి పెట్టి చూపించారు. మనిషి బాగా పొడగరి.

"మీ ఆవిడగారు కూడా పొడుగేనా అండి?"

"అబ్బే, నా భుజం దాకా కూడా రాదండి."

"అయితే పొరపాటు చేశారండీ. మా వంటింట్లో గట్టు నా నడుముకి కొలిచి మరీ కట్టించారు మావారు," అన్నాను, కాస్త గొప్పగానే.

ఆయన కండువాతో స్టవ్ మీద దుమ్ము తుడుస్తూ నవ్వారు.

"ఆవిడకి అందకూడదనే అలా పెట్టించానండి. అక్కడ వంట నాది. ఇన్నేళ్లూ ఆవిడే వండింది కదా."

ఇంతలో నా బస్సు వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఎసరు పెట్టబోతూ గట్టు ముందు కాసేపు ఆగిపోయాను. అది సరిగ్గా నా నడుము ఎత్తుకే ఉంది.